నాలుగు ప్లస్సుల డబ్బీ

సత్యదుర్గకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. ఇంటర్ మొదటి ఏడాదిలో పెళ్లితో ఆగిపోయిన చదువు ఈసారి కూడా సగంలో ఆగిపోతుందేమోనని. కువైట్‌లో రోగుల సహాయకుల శిక్షణలో సీటు దొరికినప్పటినుంచి కూతురికి జడ వేస్తూ కూడా ఆ పిల్ల నాడి లెక్కపెడుతోంది.

ఆ ఆదివారం పొద్దున అనుకున్న పని చాలా చిన్నది. నాలుగేళ్ల మణిని కింది అంతస్తులో మెస్సు నడిపే అచ్చాయమ్మ దగ్గర దింపాలి, ఆరున్నర బస్సెక్కాలి, మత్తుమందుల పరీక్షకు మూత్రం డబ్బీ అప్పజెప్పాలి. ఆసుపత్రి వార్డులో అడుగుపెట్టే ముందు విద్యార్థులందరికీ ఆ పరీక్ష తప్పదు. గురువారమే డబ్బీతోపాటు ఒక ఇంగ్లీషు ఫారం కూడా ఇచ్చి పంపారు.

సులైబియా గిడ్డంగిలో డ్యూటీకి బయలుదేరుతున్న భర్త సూర్యకిరణ్, బూట్లు వేసుకుంటూ ఆ ఫారం చదివిపెట్టాడు.

"మూడ్రోజుల్లో దగ్గుమందు తాగావా?"

"లేదండి."

"నిద్రమాత్రలు?"

"ఈ పిల్లతో నిద్రే లేదు, మాత్రలెక్కడివి?"

"పాపీ సీడ్స్. అంటే గసగసాలు. అయ్యి తింటే నల్లమందు తిన్నట్టు చూపిస్తదంట. అసలీ దేశంలోకి తేనేకూడదు కదా అయ్యి."

కింద వ్యాను హారన్ మోగింది. సూర్యకిరణ్ వెళ్లిపోయాడు. ఆ మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం సత్యదుర్గ అచ్చాయమ్మ కోడికూరను రెండుసార్లు వడ్డించుకుని తిన్నది. వాళ్లుండే ఫింటాస్ పేటలోని కోనసీమవాళ్లలో ఆ కూర పేరు తెలియనివాళ్లు లేరు. "మన ఊరి గసగసాలు, చీర మడతల్లో పెట్టి తెచ్చాను, ఎవరికీ చెప్పకండేం" అని అచ్చాయమ్మ ప్రతి కంచం దగ్గరా వంగి చెబుతుంది. నలభైమందికి తెలిసిన రహస్యం అది.

సత్యదుర్గ ఒక చేత్తో మణిని, ఒక చేత్తో ఖాళీ డబ్బీని పట్టుకుని మెట్లు దిగింది.

"పిన్నిగారూ, కొంప మునిగిందండి! మీ కూర తిన్నాను కదా, పరీక్షలో నల్లమందని వస్తదంట. ఫారంలో రాసేయనా, గసగసాలు తిన్నానని?"

అచ్చాయమ్మ గరిటె ఆగిపోయింది. "రాత్తే ఎక్కడ తిన్నావంటారు. నా మెస్సు మూయిత్తావా ఏంటే?"

ఆవిడ ఇంకేదో చెప్పబోయి, ఇడ్లీకోసం వచ్చి కూర్చున్న ఆరుగురిని చూసి ఆ మాట మింగేసింది. సత్యదుర్గ చెయ్యి పట్టుకుని వెనకగదిలోకి లాక్కెళ్లింది.

"ఇటు తే ఆ డబ్బీ. నేను మొక్కుకుని మాంసం మానేసి మూడేళ్లయ్యింది. ఆ కూర వాసన చూట్టమే గానీ నోట్లో పెట్టింది లేదు. నాది పట్టుకెళ్లు."

"తప్పు కదండీ?"

"నీదో నాదో దాని మీదేమన్నా రాసుంటదా?"

"రాసుందండి. నా పేరే రాసుంది."

"మరింకేం? నీదే!"

బస్సు టైము అవుతోంది. ఆలోచించే వ్యవధి ఉంటే సత్యదుర్గ ఆ పని చేసేది కాదు. వ్యవధి లేదు.

మంగళవారం ఆమెకు పిలుపు వచ్చింది. శిక్షణ బాధ్యతలు చూసే సిస్టర్ మహబూబ్ బీ కడప మనిషి, ఇరవై ఏళ్లుగా ఇక్కడే నర్సు. చేతిలో కాగితం ఉంది.

"మత్తు గిత్తు ఏమీ లేదుమే నీకు."

సత్యదుర్గ ఊపిరి పీల్చుకుంది.

"చక్కెర కూడా చూస్తారు గదా, అది మాత్రం నాలుగు ప్లస్సులుండాది, అంతకు మించి లేదు! ఇంత చిన్న వయసులో ఎట్లొచ్చెనో ఏమో. ముందు డాక్టరుకు చూపిచ్చుకో. క్లాసు సంగతి వచ్చే బ్యాచీలో చూస్తాంలే."

పీల్చుకున్న ఊపిరి మళ్లీ బయటికి రాలేదు. భయపడ్డ దారిలో కాకుండా పక్కదారిన వచ్చి మరీ చదువు ఆగిపోయింది.

మహబూబ్ బీ జాలిపడి అప్పటికప్పుడే వేలు పొడిచి రక్తంలో చక్కెర చూసింది. తొంభై రెండు. మిషను చెడిందనుకుని ఇంకొకటి తెప్పించింది. అందులో తొంభై నాలుగు. రెండు మిషన్లూ చెడ్డాయేమోనని క్లాసులో మిగతా పదకొండుమందినీ వరసగా నిలబెట్టి పొడిచింది. అందరికీ సరిగ్గానే ఉంది. ఇక మిగిలింది డబ్బీలను ల్యాబుకు మోసిన గంగాధర. యాభై ఏళ్ల ఆ మనిషిని పిలిపించారు.

"డబ్బీలు మార్చేసినావా ఏమి?"

"నేను మూత కూడా ముట్టలేదు సిస్టరమ్మా! ఇచ్చింది ఇచ్చినట్టే ఇచ్చిన!"

"అట్లయితే చక్కెర యాడ్నుంచి వచ్చె? ఈ పొద్దే పైకి రాస్తా నీమీద."

గంగాధర ముఖం పాలిపోయింది. సత్యదుర్గ లేచి నిలబడింది.

"ఆయన తప్పేం లేదండి. డబ్బీలో ఉన్నది నాది కాదు, మా పిన్నిగారిది."

పదకొండుమంది వేళ్ల మీద దూది నొక్కిపట్టుకుని ఆమెవైపే చూశారు. సత్యదుర్గ కూరనుంచి మొదలుపెట్టి, వెనకగది దాకా, ఏదీ దాచకుండా చెప్పేసింది. మహబూబ్ బీ చేతిలోని కాగితం మళ్లీ ఒకసారి చూసింది.

"ఆయమ్మ యాడుండాది ఇప్పుడు?"

"మెస్సులోనండి. వంట చేస్తుంటారు."

"నాలుగు ప్లస్సులు పెట్టుకోని వంట చేస్తాండాదా? యల్లా, బిన్నా పిల్చుకోని రాపో!"

అచ్చాయమ్మ ట్యాక్సీలో దిగింది. ఒట్టి చేతులతో రావడం బాగోదని క్యారేజీ నిండా బెల్లం పరమాన్నం తెచ్చింది. ఆవిడ వేలు పొడిస్తే మిషను మూడువందల ఎనభై చూపించింది. మహబూబ్ బీ క్యారేజీని బల్ల అవతలికి జరిపి, తలుపు వేసింది.

"ఆ గసగసాలు ఇంకా ఎన్ని ఉండాయో తెచ్చి ఇయ్యి. పారేద్దాం."

అచ్చాయమ్మ తలుపువైపు ఒకసారి, కిటికీవైపు ఒకసారి చూసింది.

"లేవండి."

"అయిపోయినాయా?"

"ఎప్పుడూ లేవండి. జీడిపప్పూ, కర్బూజా గింజలూ రుబ్బి వేత్తన్నాను, ఐదేళ్లనించీ. గసగసాలంటే ఇల్లు గుర్తొచ్చి ఇంకో ముద్ద తింటారని..."

"మరి ఆ పొద్దున్నే నాకు చెప్పొచ్చు కదండీ!" సత్యదుర్గకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"గదిలో చెబుదామనే అనుకున్నానే అమ్మాయ్. బయట ఆరుగురున్నారు. నువ్వేమో గుండెలదిరేలా అరుత్తావు!"

సత్యదుర్గ ఆ పూటే, మహబూబ్ బీ గుమ్మం దగ్గర కాపలా నిలబడగా, తన సొంత డబ్బీ ఇచ్చింది. అందులో మత్తూ లేదు, చక్కెరా లేదు. ఆదివారమే ఇచ్చి ఉంటే ఆ డబ్బీ గురించి ఎవరూ రెండోసారి మాట్లాడేవాళ్లు కాదు. అచ్చాయమ్మ జబ్బు గురించి కూడా.

"నువ్వు చేసింది మోసమే," అంది మహబూబ్ బీ. "గంగాధర కోసం నోరు తెరిచినావు కాబట్టి సీటు తియ్యను. కానీ ఆయమ్మే నీ మొదటి రోగి. మూడు నెలలు, డాక్టరు రాసిచ్చే మాత్ర పూటపూటకూ వేయించి పుస్తకంలో రాయాల. ఒక్క పూట తప్పినా నీ సీటు ఖలాస్."

అలా సత్యదుర్గ చదువు ఇప్పుడు అచ్చాయమ్మ మాత్రల మీద నిలబడి ఉంది. పొద్దునా రాత్రీ తనే దగ్గరుండి వేయిస్తుంది. మధ్యాహ్నం మాత్ర ఒంటిగంటకు. ఆమె క్లాసు వదిలేది రెండింటికి. ఆ వేళకు ఫింటాస్ వైపు వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి మెస్సులోకి తొంగిచూసి, అచ్చాయమ్మ మాత్ర వేసుకుందో లేదో కనుక్కోండి.

వేసుకున్నానని అంటే, నోరు తెరిచి చూపించమనండి.