చివర ఎనిమిది

శుక్రవారం పొద్దున బేకరీ తలుపులు తీస్తూనే అత్తగారు అల్లుడికో పని అప్పగించింది. మర్నాడు ఆవిడ కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఎన్ని బన్నులు కాల్చాలో అల్లుడే తేల్చాలి. పెళ్లయిన ఆరేళ్లలో ఆవిడ ఆయన్ని నమ్మి చెప్పిన పెద్ద పని కొట్టు బోర్డులో బల్బు మార్చడం. అందుకే అల్లుడు పొంగిపోయాడు.

"రెండే రెండు మాటలు అల్లుడుగారూ. మన కొట్టుకొచ్చినవాళ్లు ఉత్త చేతుల్తో వెళ్లకూడదు. నిన్నటి బన్ను ఇవాళ అద్దాల బీరువాలో కనబడకూడదు."

"నాకొదిలేయండి అత్తయ్యగారూ."

అల్లుడు ప్రోగ్రామరు. సంభావ్యత లెక్కల కోసం ఎవరో పుణ్యాత్ములు ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల లైబ్రరీ ఆయన కంప్యూటర్లో ఉంది. రోజుకు సగటున వంద బన్నులు పోతాయి, ఓ ఇరవై అటూ ఇటూ. ఈ రెండు అంకెలూ ఇస్తే, నూటికి తొంభై అయిదు రోజులు బన్నులు చాలాలంటే ఎన్ని కాల్చాలో అది చెబుతుంది. అల్లుడు తొందరలో ఇరవైకి బదులు ఇరవై వర్గం, అంటే నాలుగు వందలు, ఇచ్చాడు. పైగా జవాబు తను చూడకుండానే బన్నులు కాల్చే మేస్త్రి ఫోనుకు చేరేలా ఏర్పాటు చేసి, హాయిగా పడుకున్నాడు.

తెల్లవారుజామున మేస్త్రి ఫోను చూపిస్తే, గల్లాపెట్టె దగ్గరుండే అల్లుడి భార్య కళ్లు తేలేసింది.

"ఏడొందల యాభై ఎనిమిదా!"

"గుండ్రంగా ఏడొందలంటే నేనూ అనుమానపడేవాణ్ణమ్మా. చివర ఎనిమిది కూడా ఉందంటే గట్టిగా లెక్కేసే ఉంటారు."

ఎనిమిది గంటలకల్లా బీరువా నిండింది, బల్లలు నిండాయి. ట్రేలు పెట్టే చోటు లేక కుర్చీలన్నీ వీధిలోకి చేర్చారు. రోజూ వచ్చే రిటైర్డ్ మాస్టారు ఆ కుర్చీలను చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"కొట్టు ఎత్తేస్తున్నారా అమ్మా?"

మొగుడి నిర్వాకం చెప్పుకోలేక ఆమె పిండి పడిన కళ్లు తుడుచుకుంది. "ఏం చెప్పమంటారు మాస్టారూ..."

మాస్టారు డజను బన్నులు కొని, వీధి వీధంతా చెప్పారు. ఆఖరి బన్నుల కోసం మలుపు దాకా వరస కట్టారు జనం. అప్పుడే ఇంట్లో తప్పు కనిపెట్టి, చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చిన అల్లుడు, ఆ గుంపు తనని నిలదీయడానికే వచ్చిందనుకుని స్తంభం వెనక దాక్కున్నాడు.

మధ్యాహ్నం అత్తగారు వచ్చేసరికి ఒక్క బన్ను లేదు. కళ్లలో వేసిన చుక్కల మందుకు అన్నీ మసకగా ఉన్నా, ఖాళీ బీరువా మాత్రం ఆవిడకు స్పష్టంగా కనబడింది.

"రేపటి లెక్క కూడా మీరే వెయ్యండి బాబూ," అంది. ఆరేళ్లలో మొదటిసారి బాబూ అంది.

అల్లుడి మనసు కరిగిపోయింది. ఇంత నమ్మిన మనిషిని మోసం చేయకూడదనుకున్నాడు. తప్పు ఒప్పుకుని, రెండుసార్లు సరిచూసి, నూట ముప్ఫై మూడు అని తేల్చాడు.

ఆదివారానికి కొట్టు ఎత్తేస్తున్నారన్న వార్త ఊరంతా పాకింది. నూట ముప్ఫై మూడూ అరగంటలో అయిపోయాయి. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి మాస్టారు ఉత్త చేతుల్తో వెనక్కి తిరిగారు. అత్తగారు ఆయన వెళ్లినవైపే చూస్తూ నిలబడిపోయింది.

"ఇవాళ్టి లెక్క పక్కా అత్తయ్యగారూ," అన్నాడు అల్లుడు, ఏడుపొక్కటే తక్కువగా.

"నిన్న ఆ తప్పు ఎలా చేశారో కాస్త గుర్తుందా?"

సోమవారం నుంచి బన్నుల లెక్క మళ్లీ అత్తగారిదే. బోర్డులో బల్బు మాత్రం అల్లుడిది.