రెండో చెవిరాయి

అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల బోర్డులు సూర్యుణ్ణి కప్పేసిన ఒక రెండు గదుల ఫ్లాటులో, దేశం గర్వించదగిన పరిశోధన ఒకటి పంతొమ్మిదేళ్లుగా సాగుతున్నదని ఇందుమూలముగా తెలియజేయడమైనది. పరిశోధకుణ్ణి నేనే. గర్వించవలసిన దేశానికి ఇంకా సమాచారం అందలేదు.

చేప తలలో రెండు వైపులా చిన్న రాళ్లవంటి చెవి ఎముకలుంటాయి. ఎంత దగ్గరి జాతులనైనా వాటి ఆకారాన్ని బట్టి వేరు చేయవచ్చు. కొర్రమీను, దాని చవక దాయాది మట్టగిడస: ఈ ఇద్దరి చెవిరాళ్లు నాలుగు వేల జతలు నా అగ్గిపెట్టెల్లో భద్రంగా ఉన్నాయి. ఎదురింటివారి పేరు మాత్రం, వారి కరెంటు బిల్లు పొరపాటున నా తలుపు కిందికి వచ్చినప్పుడు తెలిసింది.

ఈ మహత్కార్యానికి తలలు సమకూర్చేది స్వరాజ్యం. మా అపార్ట్‌మెంటు గేటు పక్కన పదకొండేళ్లుగా చేపలమ్మేది. ఎవరూ తీసుకెళ్లని తలలను సంచిలో వేసి, ‘చెవుల సారు’ కోసం పక్కన పెట్టేది. నా గ్రంథంలో ఆమెకు కృతజ్ఞతలు చెప్పదలచాను. గ్రంథం రాయడమే మిగిలింది.

ఇట్లుండగా ఒక ఆదివారం, మా సంఘ కార్యదర్శి వీరవెంకటసత్యనారాయణ గారింట పులుసు రుచి తప్పింది. స్వరాజ్యం కొర్రమీను పేరిట మట్టగిడసను అంటగట్టిందని నిశ్చయించి, ఆయన సెల్లారులో అత్యవసర సర్వసభ్య సమావేశం జరిపారు.

“గోదావరి నీళ్లు తాగి పెరిగినవాణ్ణండీ. కొర్రమీను అంటే ఏంటో నాకు చెప్తారా? ఇది చేప సమస్య కాదు, నమ్మకానికి సంబంధించిన సమస్య. ఇవాళ చేప. రేపు పాలు. ఎల్లుండి లిఫ్టు.”

చప్పట్లు మోగాయి. శాకాహారులు మరికాస్త గట్టిగా కొట్టారు.

“చింతపండు రెండుసార్లు వేశానని చెప్తూనే ఉన్నాను కదండీ,” అన్నారు ఆయన శ్రీమతి రత్నమాల గారు. ఆ మాట మినిట్స్‌లోకి ఎక్కలేదు.

నిర్ణయాధికారం నిపుణుడికి అప్పగించారు. పులుసులోంచి తీసిన తల స్టీలు డబ్బాలో నా ముందుకు వచ్చింది. భూతద్దం పెట్టి ఎడమ చెవిరాయి తీశాను. చూడగానే తెలిసింది, కొర్రమీను. కుడిది కనబడలేదు.

కొంగు నడుముకు చుట్టుకుని నిలబడ్డ స్వరాజ్యం నా ముఖంలోకి చూసింది. “మీకెరుకే గద సారూ. జర ఒక్క మాట అనుండ్రి. నా జాగ పోతది.”

“రెండోది కూడా చూడాలమ్మా. జత లేకుండా ప్రకటించడం శాస్త్రమర్యాద కాదు.”

“రెండో చెవు వేరే చేపదుంటదా సారూ?”

ఈ విషయమై పూర్వ పరిశోధనలేవీ లేనందున మూడు వారాల గడువు కోరాను. సంఘం సహృదయంతో మంజూరు చేసింది. నివేదిక అందేవరకు తాత్కాలికంగా ఆమెను గేటు దగ్గరినుంచి తొలగించి, ఆ చోట శాశ్వతంగా పూలకుండీలు పెట్టించింది.

కుడి చెవిరాయి డబ్బా అడుగున ఎండిన చింతపండు గుజ్జులో దొరికింది. ఎడమదానిలాగే ఉంది. నలభై ఒక్క పేజీల నివేదిక సమర్పించాను. ‘ఇది కొర్రమీను’ అన్నది చివరి పేజీలో ఉంటుంది. కార్యదర్శి గారు నాకు శాలువా కప్పి, ఇంతటి మేధావి మన మూడో అంతస్తులో ఉండటం మన అదృష్టమని ప్రసంగించి, నివేదికను లిఫ్టు మరమ్మతుల ఫైలులో భద్రపరిచారు.

ఒక ప్రతి తీసుకుని పంజాగుట్ట వెళ్లాను. ఒక సందు మొగదల, ఎండలో, స్వరాజ్యం చేప పొలుసు గీకుతున్నది.

“ఏం రాసిన్రు సారూ?”

“కొర్రమీనేనని.”

“గది నాకు గా రోజే ఎరుక. మీకు సుత ఎరుకే.” కత్తి ఆపలేదు. “జర పక్కకు జరుగుండ్రి, గిరాకీ వచ్చింది.”

తలల సంచి అడగకుండానే పక్కకు జరిగాను.

మా అపార్ట్‌మెంటు ఇప్పుడు అద్దాల తలుపుల చేపల దుకాణం నుంచి సీలు వేసిన ప్యాకెట్లలో కొర్రమీను తెప్పించుకుంటున్నది. తల ఉండదు, చర్మం ఉండదు, ముల్లు ఉండదు. లోపలిది ఏ చేపో నేను సైతం చెప్పలేను. ఇంతవరకు ఒక్కరూ శంకించలేదు, సమావేశమూ జరగలేదు. నిన్న నేనూ ఒక ప్యాకెట్టు తెచ్చుకుని, పైన అచ్చువేసిన పేరు ఒక్కసారి చదివి, నమ్మి, తిన్నాను.