ఎవరి గాలి ఎవరి చేతికి

ఉదయం ఎనిమిదింటికి పడవెక్కాలి, పరీక్షలో నలభై నిమిషాలు నీటి అడుగున ఉండి రావాలి, ప్రధాన శిక్షకుడి పదవి మరో మూడేళ్ళు నిలుపుకోవాలి. డైవింగ్ మాస్టారి పథకం ఇంతే. నియమం ప్రకారం జోడీగా దిగాలి. ఆ జోడీ ఆయన భార్యే. సామాన్లు మరమ్మతు చేసేదీ ఆవిడే. చిక్కల్లా ముందురోజు వచ్చింది. "మా ఆవిడది ఊపిరి కాదురా, కొలిమితిత్తి" అని మాస్టారు శిష్యుల ముందు నవ్వారు. అప్పట్నుంచి ఇంట్లో మాటల్లేవు.

నీటి అడుగున గాలి అందించే రెగ్యులేటర్లకు, ఇద్దరివాటికీ బొటనవేలంత ట్రాన్స్‌మిటర్లుంటాయి. సిలిండర్‌లో గాలి ఎంత మిగిలిందో వైరు లేకుండానే, తనతో జతచేసిన మణికట్టు కంప్యూటర్‌కు ఒక్కొక్కటీ పంపిస్తుంది. ఆవిడ వాటికి బ్యాటరీలు మార్చి బల్ల మీద పెట్టింది. ఏది ఎవరిదో అడిగితే ఓడిపోయినట్టే కదా! మాస్టారు రెంటినీ తోచినట్టు బిగించేశారు. ఆయనకు తెలియనిదా అని ఆవిడ ఊరుకుంది.

నీటిలో మాస్టారి మణికట్టు మీద రెండు వందల దగ్గర మొదలైన అంకె పావుగంటకే నూటపదికి దిగింది. మాస్టారు ఊపిరి నెమ్మదించారు. అంకె వినలేదు. యాభై రెండేళ్ళ వయసు ఒక్కసారిగా మీద పడినట్టనిపించింది. పక్కన భార్య తన చేతిలో నూట అరవై చూసి మురిసిపోయింది. కొలిమితిత్తి ఎవరో ఇవాళ తేలిపోతుందన్న హుషారులో చేపల వెంట పడింది. ఆవిడ ఈదినకొద్దీ ఆయన అంకె జారిపోయింది.

ఇరవై ఆరో నిమిషానికి యాభై. పైకి వెళితే పదవి పోతుంది. మాస్టారికి నిజంగానే భయం వేసింది. పైకి పోదామని సైగ చేశారు. ఆవిడ తన అంకె చూపించి తల అడ్డంగా ఊపింది. పెళ్ళయ్యాక మొదటిసారి ఆయన రెండు చేతులూ జోడించారు.

"ముప్పై నిమిషాలే అయింది. ఎందుకొచ్చేశారు?" అన్నాడు పడవలో పరీక్షాధికారి.

"నా గాలి అయిపోయిందండీ."

అధికారి ముల్లు మీటరు పెట్టి చూశాడు. "మీకు నూట ముప్పై ఉంది. అయిపోవచ్చింది ఈవిడది. ముప్పై!"

ఆవిడ ముఖం పాలిపోయింది. ఇంకో పది నిమిషాలు ఆయన్ని ఏడిపించాలనుకుంది మరి.

"జోడీ గాలి కనిపెట్టి, పరీక్ష పోయినా సరేనని తీసుకొచ్చారన్నమాట! ప్యాస్ చేసేస్తున్నా" అన్నాడు అధికారి.

మాస్టారు తల వంచుకున్నారు. "కాదండీ. తప్పు బిగించింది నేనే. నా ప్రాణానికే భయపడ్డాను."

అధికారి కలం ఆగింది. మళ్ళీ పరీక్ష వచ్చే సోమవారమని రాసుకున్నాడు.

"పోన్లెండి," అంది ఆవిడ. నిన్నటి తర్వాత అదే మొదటి మాట. "ఇరవయ్యేళ్ళలో నా ఊపిరి మీరు ఇంత శ్రద్ధగా చూసింది ఇవాళే."

సోమవారం ట్రాన్స్‌మిటర్లు ఆవిడే బిగించింది. ఏది ఎవరిదో మాస్టారు మూడుసార్లు అడిగారు.