నాన్న వంతు

నాన్న గడియారాల కొట్టు మూసెయ్యడమా, ఉంచడమా అన్నది పొద్దున్నే తేల్చుకుని ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోవాలని ఆ రోజు ఏర్పాటు. మూసెయ్యాలన్నది అన్నలిద్దరి మాట. నాన్న పోయినప్పటి నుంచీ కొట్టు నడుపుతున్న చెల్లెలికి అదే ప్రాణం. కానీ ఆ సంగతి చెప్పుకునే సందేదీ? పెద్దన్న నోరు తెరిస్తే ఇంకొకరి నోటికి పని ఉండేది కాదు.

అందుకే కంప్యూటర్ల పని చేసే చిన్నన్న ఒక యంత్రం తెచ్చి కొట్టులో బల్ల మీద పెట్టాడు. అది గొంతులు గుర్తుపట్టి, తక్కువ మాట్లాడినవాళ్ళకు ముందు వంతు ఇస్తుంది.

"అందరి వంతూ అయ్యాకే నిర్ణయం. తర్వాత నన్నెవరూ అనకూడదు," అన్నాడు పెద్దన్న.

"చెల్లెలి వంతు," అంది యంత్రం.

ఆమె గొంతు సవరించుకుంది. సరిగ్గా అప్పుడే, నాన్న ముచ్చటపడి తన గొంతే పెట్టుకున్న గోడ గడియారం పలికింది: "తొమ్మిదయింది. పని చూసుకోండి."

ముగ్గురికీ కళ్ళు చెమర్చాయి.

"కొత్త సభ్యులు వచ్చారు. అందరికన్నా తక్కువ మాట్లాడింది వారే. వారి వంతు," అంది యంత్రం.

"నాన్న మళ్ళీ పదింటికి గానీ మాట్లాడడు కదరా!" అన్నాడు పెద్దన్న.

"రూలు పెట్టింది నువ్వే కదన్నయ్యా!" అన్నాడు చిన్నన్న.

"మధ్యలో మాట్లాడినందుకు ఇద్దరి వంతులూ రద్దు," అంది యంత్రం.

"రద్దు చెయ్యడానికి ఇదెవర్రా?" అని లేచాడు పెద్దన్న. అతని తర్వాతి వంతు కూడా పోయింది.

నాన్న వంతు అప్పుడే అయిపోవాలని చిన్నన్న కుర్చీ ఎక్కి గడియారం ముల్లు గిర్రున తిప్పాడు. పది, పదకొండు, పన్నెండు అంటూ నాన్న ఊపిరి తిప్పుకోకుండా పని చూసుకోమన్నాడు. లోపలేదో టక్కుమంది. "ఒంటిగంటయింది. పని..." అని ఆగిపోయింది.

"ఆయన గొంతు అదొక్కటే కదరా మిగిలింది," అన్నాడు పెద్దన్న. చిన్నన్న ముల్లు వదిలేసి కుర్చీ దిగాడు.

"వారి మాట పూర్తి కాలేదు. నిర్ణయం వాయిదా," అంది యంత్రం.

అన్నలిద్దరూ చెల్లెలి వైపు తిరిగారు. "నువ్వు బాగుచెయ్యగలవామ్మా?"

"చేస్తానన్నయ్యా. కాకపోతే కొట్టు తెరిచి ఉండాలి."

"తెరిచే ఉంచు. ఆ గొంతు మళ్ళీ వినిపించేదాకా తాళం మాటెత్తితే ఒట్టు!" అన్నాడు పెద్దన్న.

వాళ్ళు వెళ్ళాక ఆమె గడియారం వెనక మూత తీసింది. ఊడింది ఒక్క స్ప్రింగే. అది తగిలించి, నాన్న మాట చివరిదాకా విని, కళ్ళు తుడుచుకుని, స్ప్రింగు మళ్ళీ ఊడదీసి సొరుగులో పెట్టింది.

ఎంతటి గడియారాన్నైనా సాయంత్రానికల్లా బాగుచేసి ఇచ్చే ఆ కొట్టులో, అదొక్కటీ ఇంకా రిపేరులోనే ఉంది.