మింగిన మాటల మీద చక్రవడ్డీ

అనకాపల్లి మాటల పొదుపు కార్యాలయంలో కర్రి సన్యాసమ్మ అయిదేళ్లుగా కడుతున్న మింగిన మాటల ఖాతాకు సెప్టెంబరులో గడువు తీరింది. కిస్తీ నెలకు వంద మాటలు. అనాల్సి ఉండీ అనకుండా ఆపుకున్న మాటలను నెల దాటకుండా కౌంటరు దగ్గరికి తెస్తే, గుమస్తా గొంతు మీద చిన్న మీటరు ఆనించి, లెక్క చూసి, పుస్తకంలో రాసి చీటీ ఇస్తాడు. ఊళ్లో చాలామంది ఆడవాళ్లకు ఈ ఖాతా ఉంది. మగవాళ్లవి ఎక్కువగా ఆఫీసర్ల మీద తెరిచిన ఖాతాలు.

వడ్డీ ఏడాదికి ఎనిమిది శాతం. మూడు నెలలకోసారి అది అసలులో కలిసి, తర్వాత దాని మీదా వడ్డీ పడుతుంది. అలా ఆరువేల మాటలు వేసిన మనిషికి అయిదేళ్లకు ఏడువేల మూడువందల ఎనభై ఆరు వస్తాయి. మొదటి నెల మాట మీద ఇరవైసార్లు వడ్డీ పడుతుంది కాబట్టి అది బాగా పదునెక్కి ఉంటుంది. చివరి నెల మాట ఇంకా పచ్చిగానే ఉంటుంది. వడ్డీలో పదో వంతు ప్రభుత్వం కోసుకుని బస్టాండు ప్రకటనలకు వాడుకుంటుంది. అక్కడి మైకు ఎప్పుడూ ఎవరి మీదో విసుక్కుంటున్నట్టు ఉండడానికి కారణం అదే.

సన్యాసమ్మ మొదటి కిస్తీ కుట్టుమిషను గురించి. బెల్లం బజారులో కాటా వేసే ఆమె భర్త పైడిరాజు, ఒక్క మాటైనా చెప్పకుండా ఆమె మిషను అమ్మేసి తమ్ముడికి సెల్‌ఫోను కొనిచ్చాడు. ఆ రోజు ఆమె సరిగ్గా వంద మాటలు మింగింది. తర్వాత ఏ నెలా మాటలకు కరువు రాలేదు. గడువు తీరాక భర్తను ఎదురుగా కూర్చోబెట్టి, అన్నీ ఒక్క ఊపులో అనేసి మనసు దించుకోవాలన్నది ఆమె కోరిక. కాకపోతే గడువు తీరిన రోజుకి మహాలయ పక్షాలు నడుస్తున్నాయి. అయిదేళ్లు ఆగినదాన్ని పదిహేను రోజులు ఆగలేనా అనుకుని, దసరా పాడ్యమి నాడు తలంటుకుని వెళ్లింది.

గుమస్తా కామేశం పుస్తకం తిరగేశాడు. "ఇది తీసీసినారు కదమ్మా, పది రోజులైంది."

"ఎవురు?"

"మీ ఆయనే. ఉమ్మడి ఖాతా ఇది. ఇద్దర్లో ఎవురొచ్చినా ఇచ్చీవాలి."

"ఆయన పేరు రాయమని నేనన్నానేటి?"

"రాయొద్దని కూడా అన్లేదు కదమ్మా" అన్నాడు కామేశం మర్యాదగా. పెళ్లయిన ఆడవాళ్ల ఫారంలో రెండో పేరు భర్తది రాసుకోవడం ఆఫీసు అలవాటు.

అప్పుడు సన్యాసమ్మకు అర్థమైంది. కాటాదార్లు సేద తీరే షెడ్డును షావుకార్లు అమ్మేశారని పోయిన వారం బజారులో మీటింగు పెట్టారు. నాలుగు మాటలు కూడబలుక్కోలేని పైడిరాజు అందులో గంటకు పైగా మాట్లాడాడు. "నన్నడక్కుండా అమ్మడానికి నువ్వెవరు? నోరు మూసుకున్నానంటే ఒప్పుకున్నాననా?" అంటుంటే ఈలలు వేశారు. మధ్యలో రెండుసార్లు కుట్టుమిషను ఊసొచ్చినా, నాయకులన్నాక ఉపమానాలు చెబుతారులే అని సర్దుకున్నారు. ఆడవాళ్ల వైపు కూర్చున్న సన్యాసమ్మ మాత్రం, ఆయనకు గుర్తుందన్నమాట అని కళ్లు తుడుచుకుని, అరిచేతులు మండేలా చప్పట్లు కొట్టింది. పైడిరాజును ఏకగ్రీవంగా కాటాదార్ల సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు.

ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పుడామెకు సిగ్గుతో ఒళ్లు మండింది. "తిరిగి రావా బాబూ?"

"వాడీసిన మాటలు మేం వెనక్కి తీసుకోమమ్మా. కొత్తది తెరండి, వడ్డీ పావు శాతం పెరిగింది" అంటూ కామేశం ఫారం తీశాడు. ఆమె పేరు రాసి, కింది గడిలో చెయ్యి ఆపకుండా కర్రి పైడిరాజు అని రాశాడు.

సన్యాసమ్మ నోరు తెరిచింది. వెనక వరసలో పదకొండు మంది ఉన్నారు. అందరూ ఆమెనే చూస్తున్నారు. నోరు మూసుకుంది.

కామేశం మీటరు ఆనించాడు. "నూట నలభై ఉన్నాయమ్మా. నెలకి వందే తీసుకుంటాం."

"మరి మిగతా నలభై?"

"వచ్చే నెలకి ఉంచుకోండి. పాడైపోవు."

ఆమె చీటీ కొంగున ముడేసుకుంది. ఆ నలభై గొంతులో పెట్టుకునే ఇంటికెళ్లి, అధ్యక్షుడికి అన్నం వడ్డించింది.