రాహుకాలంలో ర్యాంక్ మ్యాచ్

ఫోను నూటికి నూరు చార్జ్ అయి ఉండాలి. రౌటర్ మీద ఆరేసిన తువ్వాలు తీసేయాలి. గంటసేపు మిక్సీ, గ్రైండర్ ముట్టుకోనని అమ్మ దగ్గర మాట తీసుకోవాలి. ఎదురింటి చెవులు కుట్టే ఫంక్షన్‌లో మైక్‌సెట్ ఎప్పుడు ఆపుతారో కనుక్కోవాలి. బొటనవేళ్ళు చెమటకు జారకుండా విభూతి రాసుకోవాలి. తెర తుడుచుకోవడానికి కట్టుగుడ్డ ముక్క ఒకటి మోకాలి మీద పెట్టుకోవాలి. గోడకున్న దినసరి క్యాలెండర్ కాగితంలో రాహుకాలం ఎప్పుడో చూడాలి. చివరగా, హాజరు తీసుకోవాలి.

ఇవన్నీ అయ్యాకే మేము ర్యాంక్ మ్యాచ్ మొదలుపెడతాం.

అందుకే అంటున్నాను, ఈ దేశానికి ఇప్పుడు కావలసింది కొత్త కాలేజీలు కాదు, ఆన్‌లైన్ యుద్ధపు ఆటలు! నవ్వకండి. నేను బి.కాం. చదివినవాణ్ణి. మా వంశంలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి. బాధ్యత లేకుండా మాట్లాడే అలవాటు నాకు లేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. అందరి చేతుల్లో ఫోన్లు. ఒక్కొక్కరు ఒక్కో వీరుణ్ణి ఎంచుకొని, ఎదుటివాళ్ళ కోట పడగొట్టాలి. సరదాకు ఆడితే సరదా. ర్యాంక్‌కు ఆడితే మాత్రం గెలిచినప్పుడు ఒక స్టార్ వస్తుంది, ఓడినప్పుడు ఒకటి పోతుంది. స్టార్లు కూడితే సిల్వర్ నుంచి గోల్డ్‌కు ఎక్కుతాం. మూడు నెలలకొక సీజన్. సీజన్ ముగిసేలోగా ఎక్కితే ఎక్కినట్టు, లేకపోతే లేనట్టు.

ఈ ఆట పిల్లల్ని పాడు చేస్తుందని పెద్దలు అంటారు. ఎక్కడ పాడు చేసింది? చూపించండి!

మా టీమ్‌లో మురుగన్ ఉన్నాడు. రాజపాళయం పాత బస్టాండు వెనక టూవీలర్ మెకానిక్. సూది వేయించుకోవాల్సి వస్తే ఆసుపత్రి వెనక గేటు నుంచి పరుగెత్తిన మనిషి. అలాంటివాడు ఈ రోజు ఆటలో అందరికంటే ముందు నిలబడి, ఐదుగురి దెబ్బలూ తన ఒంటి మీద కాచుకుంటున్నాడు. ఏ వ్యక్తిత్వ వికాస శిబిరం ఇంత చేసింది?

సుదర్శన ఉన్నాడు. ప్లస్ టూలో నాలుగు ఫార్ములాలు గుర్తుపెట్టుకోలేక రెండుసార్లు తప్పాడు. ఈ ఆటలో నూట పన్నెండు మంది వీరులున్నారు. ఒక్కొక్కరికి నాలుగు శక్తులు. ఎవరి శక్తి ఎన్ని సెకండ్లకు తిరిగి వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. పరీక్ష పేపరు తయారు చేసేవాళ్ళకు ఈ తెలివి ఎప్పుడొస్తుంది?

మా చెల్లెలు సత్యప్రియ ఉంది. నర్సింగ్ చదువుతోంది. ఇంట్లో ఇరవై ఏళ్ళుగా ఒక్కరికీ ‘సారీ’ చెప్పని పిల్ల, ఇప్పుడు ముక్కూ మొహం తెలియని వాళ్ళకు నిమిషానికి మూడుసార్లు చెబుతోంది. ఆటలో దానికొక బటన్ ఉంది మరి!

ఇక నేను. కెప్టెన్‌ని. కెప్టెన్‌గా నేను చేసిన మొదటి పని ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు కొని గీతలు గీయడం. తేదీ, వచ్చిన వేళ, గెలుపు, ఓటమి, కారణం, బాధ్యులు. మ్యాచ్ అయ్యాక పదిహేను నిమిషాలు రివ్యూ మీటింగ్. అందులో ఎవరేమన్నదీ రాసి అందరి దగ్గరా సంతకం తీసుకుంటాను. అది చూసి మా అమ్మ ఒకరోజు, “ఏమిరా, కలెక్టర్ పరీచ్చకు గూడా నువ్వు ఇంత పాటు పడలేదే!” అంది. తల్లి నోట అంతకంటే పెద్ద ప్రశంస ఉంటుందా?

ఐదోది మా మేనత్త పాప్పమ్మాళ్. వయసు యాభై రెండు.

ఆమె ఎలా వచ్చిందో చెప్పాలి. ఆటలో హీలర్ అని ఒక పాత్ర ఉంటుంది. గాయపడ్డవాళ్ళ వెంట తిరిగి వైద్యం చేయడమే దాని పని. కత్తి లేదు, బాణం లేదు. స్కోరు బోర్డులో చంపినవాళ్ళ సంఖ్య ఎప్పుడూ సున్నా. మాలో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. నర్సింగ్ చదివే సత్యప్రియను అడిగితే, “పో అన్నా, కాలేజీలో చేసేదే చాలు. ఈడన్నా నలుగుర్ని పొడవనీ” అంది. అప్పుడు పక్కన కూర్చుని కాఫీ తాగుతున్న అత్త, “ఎవురికీ వద్దంటే నాకియ్యండిరా” అని చెయ్యి చాచింది.

అత్త తళవాయిపురం దారిలో, ఆసుపత్రుల్లో గాయాలకు కట్టే కట్టుగుడ్డల కంపెనీలో మడత సెక్షన్‌లో పని చేస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఆ వేళ్ళు గుడ్డను సాపు చేస్తూ, మడుస్తూ, చుడుతూ ఉన్నాయి. ఫోను తెర ఆ వేళ్ళకు ఏపాటి? వారం తిరిగేసరికి మాలో ఎవరికి ఎప్పుడు ఎంత ప్రాణం మిగిలి ఉందో మాకంటే ముందు ఆమెకు తెలిసేది. వైద్యం చేయడాన్ని ఆమె ‘కట్టు వేయడం’ అంటుంది. ఆటలో పేరు పెట్టమంటే ‘కట్టుపాప్ప’ అని పెట్టుకుంది.

“ఒరే మురుగా, ఒంటరిగా అంత దూరం పోతే నీకు కట్టు వేసేదానికి నేను బస్సెక్కి రావల్లనా? వెనక్కి రారా!”

ఇదీ ఆమె యుద్ధతంత్రం. వెండి మెట్లన్నీ ఆ తంత్రంతోనే ఎక్కాం. అయితే నా నోటులో ‘గెలుపుకు కారణం’ అనే గడిలో ‘కెప్టెన్ నాయకత్వం’ అని ఉంటుంది. రికార్డు రికార్డే కదా!

చివరి వారానికి గోల్డ్ ఒక్క గెలుపు దూరంలో నిలిచింది. గోల్డ్ వస్తే ఆటలో మన పేరు చుట్టూ ఒక బంగారు వలయం పడుతుంది. మాకందరికీ అది గొప్పే. కానీ అత్త మాత్రం రోజూ దాని గురించే అడిగేది.

“నా పేరు ఇంతవరకు ఎక్కడ పడింది చెప్పురా బొమ్మయ్యా? రేషన్ కార్డులో ఒకటి, నీ హాజరు పుస్తకంలో ఒకటి. ఆ బంగారు చుట్టు పడితే ఫోటో తీసి పెట్టుకుంటా.”

హాజరు పుస్తకం అంటే ఆటది కాదు. నేను అదే కట్టుగుడ్డల కంపెనీలో టైమ్‌కీపర్‌ని. చెప్పడం మరిచాను.

మా టీమ్ నియమాలు రెండే చెబుతాను, మిగతావి పద్దెనిమిది ఉన్నాయి. నాలుగో నియమం: ఒక సీజన్‌లో మూడోసారి ఆలస్యమైనవాళ్ళకు ఆ రోజు ఆటలో చోటు లేదు. ఆరో నియమం: రాహుకాలంలో ర్యాంక్ మ్యాచ్ ఆడరాదు.

ఆరోది సుదర్శన పట్టుబట్టి రాయించాడు. మంచి వేళ చూసి ఆడటంలో ఒక ఇబ్బంది ఉంది. జిల్లాలో ఫోను పట్టిన ప్రతివాడూ అదే క్యాలెండర్ చూసి అదే మంచి వేళకు దిగుతాడు, నెట్ నత్తలా పాకుతుంది. అయినా నియమం నియమమే. ఒక ఆదివారం నాలుగున్నర దాటగానే సుదర్శన ఫోను బోర్లా పెట్టేశాడు.

“వద్దు కెప్టెన్. రాహుకాలంలో స్టార్ట్ చేస్తే ఉండే స్టారూ పోతాది.”

“ఏమిరా సుదర్శనా,” అంది అత్త, “రాహుకాలం మనకొకరికేనా? అవతలి ఐదుమందికీ అదే గదా?”

“వాళ్ళు ఏ ఊరోళ్ళో అత్తా. వాళ్ళ క్యాలెండర్ వేరేగా ఉంటాది.”

“సుమ్మా ఊరికే ఉండురా! సోమవారం నేను డ్యూటీకి పొయ్యే బస్సు వచ్చేదే రాహుకాలంలో. ఇరవై ఏండ్లుగా ఎక్కుతా ఉండా. బస్సూ బోల్తా పడలా, నేనూ పడలా.”

మేమంతా నవ్వాం. ఆమె మాట మాత్రం నోటులో ఎక్కలేదు.

నాలుగో నియమం నాది. సాయంత్రం ప్రాక్టీస్ ఆరింటికి. కంపెనీలో ఆఫీసు స్టాఫ్ ఐదింటికే దిగుతాం. నా బండి మీద రాజపాళయానికి ఇరవై నిమిషాలు. అర్జెంట్ ఆర్డర్ ఉన్న రోజు మడత సెక్షన్‌ను ఐదున్నరకు వదులుతారు. టౌన్ బస్సులో నలభై నిమిషాలు. అత్త రెండుసార్లు ఆరుంబావుకు వచ్చింది. రెండుసార్లూ ఎర్ర సిరాతో రాశాను. బంధువని చూడలేదు. అలా చూడకపోవడమే కదా చదువు నేర్పేది!

సీజన్ ముగిసే ఆదివారం వచ్చింది. గడువు సాయంత్రం ఆరు. రాహుకాలం నాలుగున్నర నుంచి ఆరు. కాబట్టి మూడున్నరకే మ్యాచ్ అని నిర్ణయించాం. మూడింటికి అత్త ఫోన్ చేసింది.

“బొమ్మయ్యా, ఈ పొద్దు డ్యూటీ వేసినారు గదా. నాలుక్కు వదుల్తారు. వచ్చేస్తా. ఆరు దాకా టైమ్ ఉండాది, కొంచెం ఉండండి కన్నా.”

మీరైతే ఏం చేస్తారు? మెత్తబడతారు. అందుకే మీకు గోల్డ్ రాదు! నేను నోటు తెరిచాను. మూడో ఆలస్యం. నాలుగో నియమం చదివి వినిపించాను. “సరి, ఆడుకోండి” అంది అత్త.

ఆమె స్థానంలో రఘురామను పిలిచాం. ఇంజనీరింగ్ విద్యార్థి. చేతి వేళ్ళకు నల్ల తొడుగులు వేసుకుని వచ్చాడు. మాతో మాట్లాడేటప్పుడు కూడా హెడ్‌ఫోన్ తీయలేదు. ఇంతకంటే ప్రొఫెషనల్ ఎవరుంటారు? హీలర్ తీసుకుంటావా అని అడిగితే, వినపడనట్టు పెద్ద కత్తి ఉన్న వీరుణ్ణి ఎంచుకున్నాడు. పోనీలే అని మేమూ తలా ఒక కత్తి తీసుకున్నాం.

సరిగ్గా మూడున్నరకు రఘురామ ఫోనులో ఆట అప్‌డేట్ అడిగింది. అది నాలుగుంబావుకు సగం అయింది. నాలుగు ముప్పై ఐదుకు పూర్తయింది. సుదర్శన గోడ వైపు చూశాడు. నేనూ చూశాను. ఆరో నియమం నిలబెడితే గోల్డ్ పోతుంది. అక్కడికక్కడే అత్యవసర మీటింగ్ పెట్టి, ఆరో నియమాన్ని తాత్కాలికంగా సడలించి, అందరి సంతకాలు తీసుకున్నాను. (నాలుగో నియమాన్ని సడలించవచ్చునన్న ఆలోచన ఆ మీటింగ్‌లో ఎవరికీ రాలేదు.) సుదర్శన రౌటర్ మీద ఒక నిమ్మకాయ పెట్టాడు.

మ్యాచ్ నొక్కాం. మామూలుగా పది సెకండ్లలో దొరికే ఎదుటి టీమ్ ఏడు నిమిషాలైనా దొరకలేదు. దొరుకుతుందా? మా చుట్టుపక్కల ఆడే సిల్వర్ వాళ్ళందరూ బుద్ధిగా ఆరు కొట్టేదాకా ఫోన్లు బోర్లా పెట్టి కూర్చున్నారు. ఆ వేళ రాహువుకు భయపడనివాళ్ళు ఎంతమంది ఉంటారు?

చివరికి ఐదు పేర్లు వచ్చాయి. అందులో నాలుగు ఎవరివో తెలియదు. ఐదోది ‘కట్టుపాప్ప’.

ఆ పద్నాలుగు నిమిషాలు నేను వర్ణించను. రఘురామ ఒంటరిగా ముందుకు పోయి తొమ్మిదిసార్లు చచ్చాడు. వెనక్కి రమ్మని అరవడానికి ఎవరూ లేరు. మురుగన్ అందరి దెబ్బలూ కాచాడు, అతని దెబ్బలు చూసినవాళ్ళు లేరు. అటువైపు ఎవరిని కొట్టినా, పడిపోయేలోపల ఒక పచ్చని వెలుగు వచ్చి లేపి నిలబెట్టేది. నిదానంగా. సాపు చేసి మడిచి చుట్టినట్టు. మా కోట కూలింది.

అప్పుడు ఆమె టౌన్ బస్సులో, కిటికీ పక్క సీటులో ఉంది.

ఐదుంబావుకు అత్త మా గుమ్మంలోకి వచ్చింది. చేతి సంచిలో కారాసేవు పొట్లం. మేము ఐదుగురం నేల చూస్తున్నాం.

“ఏమిరా, ముగిసిపోయెనా ఆట? నేనూ సుమ్మా ఉండలేక బస్సులో ఒకటి ఆడినా. తెలియని నలుగురితో చేర్చె. పాపం, మంచి పిల్లలు, రమ్మంటే వెనక్కి వస్తారు. అవతల ఎవురో ఐదుమంది. రొంబ తేలిగ్గా పొయినారు. ఒకరికొకరు ఆగలేదు. ఎవురు పెంచిన బిడ్డలో!”

మురుగన్‌కు పొలమారింది. సత్యప్రియ చున్నీ నోట్లో కుక్కుకుంది. అత్త మాత్రం కారాసేవు పంచుతూనే ఉంది. మా పేర్లు తెర మీద ఆమెకు కనిపించాయో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. కనిపించకుండా ఎలా ఉంటాయి? కానీ అడిగే ధైర్యం నాకు లేదు.

తర్వాత ఫోను నా చేతికిచ్చింది. “ఫోటో తీసి పెట్టురా. నాకు చేతకాదు.”

పేరు చుట్టూ బంగారు వలయం. ఫోటో తీశాను. మొదటిది మసకగా వచ్చింది. రెండోది బాగా వచ్చింది.

మేము ఇంకా సిల్వరే. రివ్యూ మీటింగ్‌లో ‘కారణం’ అనే గడిలో ‘రాహుకాలం’ అని రాశాను. ‘బాధ్యులు’ గడి ఖాళీగా ఉంది. అది నింపడానికి సోమవారం కంపెనీలో పాత కాగితాలు తిరగేశాను. ఆదివారం డ్యూటీ లిస్టు దొరికింది. అర్జెంట్ ఆర్డర్, పన్నెండు మంది పేర్లు. పిలిస్తే ఎవరు కాదనరో వాళ్ళ పేర్లే కదా ఎవరైనా ముందు రాసేది? మొదటి పేరు పాప్పమ్మాళ్. అక్షరాలు గుండ్రంగా, గీత తప్పకుండా ఉన్నాయి. అడుగున టైమ్‌కీపర్ సంతకం. గు. బొమ్మయ్య, బి.కాం.

ఆ కాగితం శుక్రవారమే రాశాను. ఆదివారం మ్యాచ్ అని నోటులో రాసింది గురువారం.

క్రమశిక్షణ గురించి ఇంకా చాలా చెప్పాలనుకున్నాను. ఇక్కడికి చాలు.

ఒక్క మనవి. ఎప్పుడైనా మీ టీమ్‌లోకి ‘కట్టుపాప్ప’ అనే పేరు వస్తే గుర్తుపట్టండి. ఒంటరిగా ముందుకు పరుగెత్తకండి. కొంచెం ఆగండి. ఆమె రావడం ఆలస్యం కావచ్చు, వచ్చేది బస్సులో మరి. తప్పకుండా వస్తుంది. ఆ డ్యూటీ వేసింది ఎవరని మాత్రం ఆమెను అడగకండి. ఆమె నన్ను ఇంతవరకు అడగలేదు.