చెవి నిక్కిన చోటు

ఒక పెద్ద అడవిలో ఎవరికైనా కొత్త పాట దొరికితే, దాన్ని ఇంకొక్కరికి వినిపించే అలవాటు ఉండేది. ఇప్పుడు లేదు.

ఆ అలవాటుకు ఒక పద్ధతి ఉండేది. పిలవవలసింది ఒకరినే. ఇద్దరిని పిలిస్తే వారు పాట వినడం మాని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారని పెద్దల అభిప్రాయం. పాడినవారి పేరు ముందుగా చెప్పకూడదు. పాట ముగిసేదాకా మాట్లాడకూడదు. ముగిశాక ఒకే ప్రశ్న అడగాలి: “నీకు చెవి ఎక్కడ నిక్కింది?” విన్నవారు ఆ చోటు చెప్పి, తమ వంతుగా మరొకరిని వెతుక్కుంటూ వెళ్లాలి.

సాలీళ్లు చెట్టుకూ చెట్టుకూ, కొండకూ కొండకూ దారాలు కట్టిన తరువాత ఈ పని మరింత సులువైంది. దారం పట్టుకుంటే ఎక్కడో ఎవరో పాడిన పాట వినిపించేది. ఎవరో ఆకు మీద నీడలతో ఆడించిన చిన్న బొమ్మ కనిపించేది. దారం మీదికి ఒకసారి ఎక్కిన బొమ్మ మళ్లీ దిగిపోయేది కాదు. చూసినవారు అన్న మాట కూడా అదే దారం వెంట తిరిగివచ్చేది.

వెతకడంలో అలుగు బాబాయిని మించినవారు ఆ అడవిలో లేరు. ఒంటినిండా పెంకులు, మసకబారిన కళ్లు. చీమల పుట్టను పసిగట్టే ఓపికతోనే ఆయన దారాలన్నీ తడిమి, ఎవరి చెవినీ పడని పాటను పట్టుకొచ్చేవాడు. పొద్దు వాలగానే బొరియ ముందు కూర్చుని, పై కొమ్మ మీద ఉండే దేవాంగపిల్లిని పిలిచేవాడు.

“అమ్మాయ్, దిగిరా. ఒకటి దొరికింది.”

“వస్తున్నా బాబాయ్. నా నడక సంగతి తెలుసుగా. నేను దిగేలోపు పాట పాతబడిపోతుందేమో!”

“పాతబడితే ఇంకొకటి వెతుకుతాలే.”

ఇలా సాగుతుండగా, ఒకనాడు అడవి సభలో కుందేలు లేచి మొరపెట్టుకుంది.

“అయ్యా, రోజూ ఇన్ని పాటలు, ఇన్ని బొమ్మలు! ఏది వినాలో తేల్చుకోలేక నిన్న ఏదీ వినలేదు. ఆ బెంగతో గడ్డి కూడా సహించలేదు.”

సభాపతి అయిన ఏనుగు తొండం ఎత్తింది. “మన అడవిలో కొత్తదనానికి కొదవ లేదు. కొదవల్లా దానికొక మండలి లేకపోవడమే.”

“ఏలినవారు సెలవిస్తే ఆ భారం నేను మోస్తాను,” అంది నక్క. అది అప్పటికే మండలికి చెట్టును కూడా ఎంచి ఉంచుకుంది.

నూతన కళాన్వేషణ మండలి ఆ విధంగా ఏర్పడింది. ఇకమీదట కొత్తవి వెతికే శ్రమ ప్రజలకు ఉండదనీ, మండలి వెతికి ‘నేటి కొత్తదనం’ ప్రకటిస్తుందనీ చాటింపు వేశారు. మండలి తప్ప మరెవరూ మరొకరితో “ఇది విను” అనరాదు.

ఆ వేసవి అంతా కష్టపడి దేవాంగపిల్లి ఒక చిన్న బొమ్మ తయారుచేసింది. దాని పేరు ‘నీటి దారి’. సాయంకాలం ఒక ముసలి జీవి నీళ్లు తాగడానికి వెళ్తుంది. వెనక మరొక జీవి నడుస్తుంది. అంతకుమించి అందులో ఏమీ జరగదు. అలుగు బాబాయికి నీడలు కనిపించవు కనుక, తానే పక్కన కూర్చుని చెబుతూ వినిపించింది.

“అందులో నేను బాగున్నానా?”

“నడుస్తున్నావు బాబాయ్. అంతే.”

“అది చాలు. కానీ నువ్వు నా మనిషివి, నీ మాట లెక్కలోకి రాదు. ముక్కూ ముఖం తెలియనివాడు ఒకడు చూసి, తనకు చెవి ఎక్కడ నిక్కిందో చెప్పాలి. నేను పోయేలోపు ఆ ఒక్క మాట వినాలని ఉంది.”

దేవాంగపిల్లి మర్నాడే మండలి చెట్టు దగ్గరికి వెళ్లింది. నక్క మర్యాదగా కూర్చోబెట్టింది. దాని పక్కనే మండలి ఆస్థాన గాయని చిలుక గింజలు కొరుకుతోంది.

“బొమ్మ కొత్తదేనా అమ్మా?”

“కొత్తదేనండి.”

“ఇంతకుముందు ఎవరైనా చూశారా?”

“లేదండి.”

“అయితే కొత్తది కాదు.”

“అదేమిటండీ?”

“ఎవరూ చూడనిది అసలు ఉన్నట్టు మండలికి ఎలా తెలుస్తుంది? ఒక మంద చూసి, అందరూ ఒకేసారి తల ఊపాలి. అప్పుడు దాన్ని కొత్తదిగా గుర్తిస్తాం.”

“మీరు గుర్తించకముందే మందకు చూపిస్తే?”

“నేరం.”

“నేరం, నేరం,” అంది చిలుక.

“మరి ఈ చిలుక గారి పాట నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్నాను కదండీ?”

“నువ్వే కాదు, మందలు మందలుగా విన్నారు. అందుకే ఈ రోజు కూడా అదే కొత్త పాట.”

దేవాంగపిల్లి తిరిగివచ్చి జరిగింది చెప్పింది. అలుగు బాబాయి కాసేపు ఆలోచించి, దారినపోతున్న ఉడుతను పిలిచి, పాత పద్ధతిలోనే బొమ్మ చూపించాడు.

“బాబాయ్,” అంది ఉడుత గొంతు తగ్గించి, “అవతలి కొండ మీద నాకు తెలిసినవాడు ఉన్నాడు. కానీ ఒక్కడే.”

“ఒక్కడే కావాలి.” ఆ రాత్రే ‘నీటి దారి’ దారం ఎక్కి అవతలి కొండకు వెళ్లింది.

కుందేలు చెవులు పెద్దవి కనుక ఈ మాట మండలికి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. నక్క స్వయంగా వచ్చింది.

“అనుమతి లేని సిఫారసు చేశావు.”

“సిఫారసు కాదయ్యా. ఒకరిని పిలిచాను, అంతే.”

“అదే మండలి పని. అది నువ్వే చేసేస్తే ఇక మండలి ఎందుకు?”

ఈ ప్రశ్నకు అలుగు బాబాయి దగ్గర జవాబు ఉంది గానీ, ఆయన చెప్పేలోపే బొరియకు వచ్చే దారాన్ని కొరికివేశారు.

ఆ తరువాత కూడా ఆయన పొద్దు వాలగానే బయటికి వచ్చి, తెగిన కొసను గోళ్ల మధ్య పట్టుకుని కూర్చునేవాడు.

“ఏమైనా వచ్చిందా బాబాయ్?”

“ఇంకా రాలేదు. తేమగా ఉందిగా, మాట నెమ్మదిగా నడుస్తుంది. నీలాగే.”

వానలు మొదలైన రోజుల్లో ఒక ఉదయం, ముడుచుకుని పడుకున్న అలుగు బాబాయి మళ్లీ విప్పుకోలేదు.

వానలు వెలిశాక మండలి గొప్ప ఉత్సవం జరిపింది. అవతలి కొండకు పెద్ద అయిన అడవిదున్న ముఖ్య అతిథి. చిలుక తన కొత్త పాట ఎత్తుకుంది. రెండో చరణం కాకముందే అడవిదున్న గిట్ట నేలకేసి కొట్టింది.

“ఆపండి! మా చిలుక ఇదే పాడుతుంటే మేత వదిలి పారిపోయాం. దీనికోసమా ఇంత దూరం పిలిచారు?”

ఏనుగు చెవులు ఆడించడం మానేసింది.

“నేను వచ్చింది ఒక బొమ్మ కోసం,” అంది అడవిదున్న. “ఒక ముసలివాడు నీటికి వెళ్తాడు. మా కొండ మీద ఒకరి నుంచి ఒకరికి పాకింది. ఇప్పుడు చూడనివారు లేరు. ఎన్నో మాటలు పంపాం. ఒక్కదానికీ జవాబు లేదు. అది తీసినవారిని చూసి పోదామని వచ్చాను.”

“అది మా మండలి కనిపెట్టినదే!” అంది నక్క, ఊపిరి కూడా తీసుకోకుండా. ఏనుగు తల ఊపింది. దాన్ని చూసి సభంతా తల ఊపింది. “మంద ఒకేసారి తల ఊపింది కనుక ‘నీటి దారి’ని నేటి నుంచి కొత్త బొమ్మగా గుర్తిస్తున్నాం,” అని నక్క ప్రకటించింది.

కబురు అందుకున్న దేవాంగపిల్లి తన నడకతోనే సభకు వచ్చింది. అడవిదున్న ముందు నిలబడి, పద్ధతి ప్రకారం అడిగింది.

“మీకు చెవి ఎక్కడ నిక్కిందండీ?”

“ముసలివాడు సగం దారిలో ఆగిపోతాడు చూడమ్మా, అక్కడ. అలసిపోయాడనుకున్నాను. కాదు. వెనక వచ్చేవారిది నెమ్మది నడక.”

“ఈ మాట వినవలసినవారు ఒకరు ఉండేవారండీ,” అంది దేవాంగపిల్లి.

“వారికి ‘అన్వేషణ శిరోమణి’ బిరుదు ఇస్తున్నాం,” అంది నక్క. “మరణానంతరం.”

“మరణానంతరం, మరణానంతరం,” అంది చిలుక. బిరుదు ప్రదానానికి ముందు ప్రార్థనగా దాని చేత మళ్లీ అదే పాట పాడించారు.

దేవాంగపిల్లి అప్పటికే వెనుదిరిగింది. ఖాళీ బొరియ దగ్గర తెగిన కొస గాలికి ఊగుతోంది. దాని పక్కన కూర్చుని, ఇద్దరూ కలిసి గడిపిన చివరి సాయంకాలాన్ని గుర్తుచేసుకుంది. ఆ రోజు దారం లేదు, పాటా లేదు. అయినా బాబాయి పిలిచాడు: “అమ్మాయ్, దిగిరా. ఒకటి దొరికింది.” బండ సందులో ఒక చిన్న కప్ప తొలిసారి గొంతు సవరించుకుంటోంది. ముగిసేదాకా ఇద్దరూ మాట్లాడలేదు.

“చెవి ఎక్కడ నిక్కింది?”

“తప్పు పాడి, ఆగి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్న చోట.”

“నాకూ అక్కడే,” అన్నాడు బాబాయి. ఆ తరువాత ఇద్దరూ నీళ్లు తాగడానికి వెళ్లారు. సగం దారిలో ఆయన ఆగాడు.

కనుక బుద్ధిమంతులు గ్రహించవలసినది: మంచి పాట దొరికితే పక్కవారికి ఎన్నడూ చెప్పకండి, వారు వినే ప్రమాదం ఉంది.